తెల్లగా వదిలేసిన చోటు

మున్సిపల్ ఆఫీసు రెండో అంతస్తులో, ప్లానింగు విభాగంలో, కిటికీ పక్కన ఒక పెద్ద వాలుబల్ల ఉంది. ఆ బల్ల ముందు ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్న మనిషిని అందరూ గీతలాయన అంటారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఎక్కడో ఉంటుంది, దాంతో ఎవరికీ పని పడలేదు. ఊరి నక్షాలు గీసేది ఆయనే. మనిషి మంచివాడు, పనిమంతుడు, కానీ కోపం ముక్కుమీదే ఉంటుంది. అందుకు ఆయన్ని తప్పుపట్టేముందు, ఆయన ఎలాంటి ఊరికి నక్షాలు గీస్తున్నాడో కాస్త వినాలి.

ఇరవై ఏళ్లలో ఊరు ఎంత పెరుగుతుందో లెక్కకట్టి ఆయన ప్లాను గీస్తే, ఆరేళ్లకే అంతా పెరిగి కూర్చుంది. ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెనకే కాలేజీ వచ్చింది, కాలేజీ వెనకే హాస్టళ్లూ జిరాక్సు షాపులూ వచ్చాయి. ఈయన కాగితం మీద అరవై అడుగుల రోడ్డు గీసి, సంతకాలకు పంపి, అవి అయి తిరిగొచ్చేసరికి ఆ రోడ్డు మధ్యలో ఎవరో ఇల్లు కట్టేసి, రంగులు కూడా వేసి, మేడమీద బట్టలు ఆరేసుకునేవాళ్లు. “ఏమయ్యా, ఇది రోడ్డు కదా” అంటే, “మేం కట్టేటప్పుడు రోడ్డు కనపళ్లేదే?” అని ఎదురడిగేవాళ్లు. కనపడకపోవడం నిజమే. అది అప్పటికింకా కమిషనరు బల్లమీదే ఉంది.

ఇలాంటి ఊరికి కొత్త కమిషనరు వచ్చాడు. వస్తూనే ఊరికి ఒక ‘విజన్’ కావాలన్నాడు. అదీ ఇదీ కాదు, పాతికేళ్ల విజన్. పెరిగే ఊరిని ఎలా పట్టుకోవాలో, ఎటు నడిపించాలో, ఎక్కడ ఇళ్లు, ఎక్కడ బళ్లు, ఎక్కడ బస్సులు, అన్నీ ఒక్క పుస్తకంలో ఉండాలి. పుస్తకం అట్టమీద ఏ బొమ్మ వేయాలన్న దానిమీద మూడు మీటింగులు జరిగాయి. చివరికి ఒక అద్దాల మేడ, దాని ముందు సైకిలు తొక్కుతున్న నవ్వుమొహం కుటుంబం ఖాయమయ్యాయి. ఊళ్లో అద్దాల మేడ లేదు. సైకిలు తొక్కడానికి చోటు అంతకన్నా లేదు. లోపలి నక్షా మాత్రం గీతలాయన నెత్తిన పడింది.

ఇక్కడ ఆ ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. నక్షాలో ఇళ్లకు పసుపు, దుకాణాలకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ, బళ్లకూ ఆసుపత్రులకూ వంగపండు రంగు, నీళ్లకు నీలం. ఏమీ కట్టకూడని చోటుకి రంగంటూ లేదు. ఊరికి పడమటి పక్కనున్న మిట్ట మీదనుంచి కిందిదాకా ఒక పల్లపు పట్టీ ఉంది. ఏడాదిలో మూడొందల అరవై రోజులు అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండదు. మిగతా అయిదు రోజులు మాత్రం మిట్టమీద కురిసిన వానంతా దాంట్లోంచే దిగి ఊరు దాటిపోతుంది. దానికి నీలం వేద్దామంటే, పాత రికార్డుల్లో చెరువనో కాలువనో రాసి ఉంటేనే నీలం వేయాలని రూలు. ఏ రికార్డులోనూ ఆ పట్టీ పేరు లేదు. చేసేదిలేక గీతలాయన దాన్ని తెల్లగా వదిలేశాడు.

తెలుపంటే ‘ఇక్కడ చెయ్యి పెట్టకండి’ అని ఆయన ఉద్దేశం. తెలుపంటే ‘ఇక్కడ ఖాళీ ఉంది, రండి’ అని మిగతా అందరి ఉద్దేశం.

నక్షా ఒక్కో విభాగానికీ వెళ్లింది, ఒక్కో విభాగంనుంచీ పెన్సిలు గీతలతో తిరిగొచ్చింది. రోడ్లవాళ్లు ఆ తెల్లటి పట్టీలో లింకు రోడ్డు గీశారు. మంచినీళ్లవాళ్లు ట్యాంకు పెట్టారు. మార్కెట్టువాళ్లు కూరగాయల షెడ్లు వరుసగా పరిచారు. రవాణావాళ్లు అన్నిటికీ పైన, మిగతావాళ్ల గీతలు తొక్కేస్తూ, కొత్త బస్టాండు పెట్టారు. గీతలాయన రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేశాడు. రెండో విడత వెళ్లింది, మళ్లీ అవే వచ్చాయి. బస్టాండు ఈసారి కాస్త పెద్దదయింది.

రోడ్ల ఇంజనీరు దగ్గరికి ఆయన స్వయంగా వెళ్లాడు.

“అక్కడ నీళ్లు పోతాయండీ.”

“ఎక్కడండీ నీళ్లు? నేను మొన్నే చూసొచ్చా. దుమ్ము లేస్తోంది.”

“వానాకాలంలో చూడాలండీ.”

“వానాకాలంలో నేనెందుకు వెళ్తాను, బురదలో? అయినా కింద రెండు తూములు వేయిస్తాం లెండి.”

“ఆ నీళ్లకి రెండు తూములు ఏ మూలకండీ! కాంటూరు గీతలు చూడండి, వాలంతా ఇటే ఉంది.”

“మీరు కాంటూర్లు చూస్తారు, నేను బడ్జెట్టు చూస్తాను. ఎవరి కష్టాలు వాళ్లవి” అని ఇంజనీరు టీ తాగమన్నాడు. గీతలాయన తాగకుండానే వచ్చేశాడు.

ఆఫీసులో గోల ఒక ఎత్తయితే ఇంటిగోల ఒక ఎత్తు. ఆ పల్లపు పట్టీ చివర, నీళ్లు ఊరు దాటే మలుపులో, వాళ్లక్క ఇల్లు ఉంది. అమ్మ పోయినప్పుడు ఈయనకి తొమ్మిదేళ్లు, అక్కకి పదిహేడు. కుట్టుమిషను తొక్కి తొక్కి తమ్ముణ్ణి డ్రాయింగు డిప్లొమా దాకా చదివించింది. ఇప్పుడామె కింది గదిలో నాలుగు మిషన్లు పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది, వెనక గదిలో ఆమే బావా పడుకుంటారు. నిరుటి వానలకి నీళ్లు రెండో మెట్టుదాకా వచ్చి ఆగాయి. మూడో మెట్టెక్కితే గుమ్మం. పైన ఆ పట్టీని మట్టితో నింపి కాంక్రీటు పోసిన రోజున, ఆ నీళ్లు మెట్ల దగ్గర ఆగవు. రాత్రిపూట నిద్రలోంచి లేచినా గీతలాయనకి ముందు గుర్తొచ్చేది ఆ మూడో మెట్టే.

ఇంతకీ కొత్త బస్టాండు అక్కడే పెట్టాలని వీధివీధీ తిరిగి సంతకాలు పోగుచేస్తున్నది ఎవరనుకున్నారు? ఆ అక్కే.

“బస్టాండొస్తే మన గుమ్మం ముందునుంచే జనం నడుస్తార్రా. పొద్దస్తమానం గిరాకీ! బోర్డు కూడా రాయిస్తున్నా” అందామె, ఆదివారం పూట ఆయన వెళ్తే. మిషను తొక్కడం ఆపకుండానే అంది.

“అక్కా, ఎన్నిసార్లు చెప్పాలే? అది నీటిదారి. వాననీళ్ల రన్నాఫ్ అంతా అక్కణ్ణుంచే పోవాలి. నీ ప్లింతు లెవెలు చూస్తే పై కాంటూరుకన్నా నాలుగు మీటర్లు కింద ఉంది.”

“నా ప్లింతుకేం? పునాది బావ స్వయంగా నిలబడి కట్టించాడు.”

బావ పేపరు చాటునుంచి తలూపాడు. ఆయన మాట్లాడేది తక్కువ, తలూపేది ఎక్కువ.

“పదేళ్లకోసారి వచ్చే పెద్దవాన అనేది ఒకటుంటుందే...”

“పదేళ్లకోసారి వచ్చేదాని కోసం రోజూ వచ్చే గిరాకీ వదులుకోమంటావా? నిన్ను చదివించింది ఇందుకేనంట్రా? సొంత అక్క బాగుపడుతుంటే గీతలు అడ్డం పెడతావా?”

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులేసుకుని వచ్చేశాడు. రెండేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నా, ఆఫీసులో వినరు, ఇంట్లో వినరు, ఎవరికోసం పోరుతున్నాడో ఆ మనిషే అసలు వినదు.

మూడో విడత నక్షా తిరిగొచ్చిన సాయంత్రం, తెల్లటి పట్టీలో ఏడు విభాగాల పెన్సిలు గీతలున్నాయి. పార్కుల విభాగం వాళ్లు అంతటి ఇరుకులో కూడా ఒక ఫౌంటెను దూర్చారు. రబ్బరు చేతికి తీసుకున్న గీతలాయన దాన్ని మళ్లీ బల్లమీద పెట్టేశాడు. చెరపడం వల్ల లాభంలేదు. తెల్లగా ఉన్నంతకాలం వీళ్లు వస్తూనే ఉంటారు. ఏ విభాగమూ చెయ్యిపెట్టని రంగు ఏదైనా ఉందా అని రంగుల పట్టిక తీసి పైనుంచి కిందిదాకా చదివాడు. అట్టడుగున, బూడిదరంగు మీద అడ్డగీతలతో, ఒక చిన్న గడి కనిపించింది. శ్మశానం.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసొచ్చాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు గీత గీయని మనిషి, ఆ పల్లపు పట్టీనంతా బూడిదరంగుతో నింపి, మీద అడ్డగీతలు గీశాడు. ఎవరైనా అడిగితే చెప్పడానికి, పెరిగే జనాభాకి ఏటా ఎంతమంది చనిపోతారో, వాళ్లకెంత చోటు కావాలో రెండు పేజీల లెక్క కూడా రాసిపెట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు. నక్షా నాలుగో విడత తిరిగొచ్చినప్పుడు ఆ చోటుమీద ఒక్క పెన్సిలు చుక్క లేదు. బస్టాండు దానంతటదే మిట్ట అవతలికి వెళ్లిపోయింది, ఫౌంటెను మాయమైంది. కమిషనరు అట్టమీది బొమ్మ చూసుకుని, బాగుందని సంతకం పెట్టాడు. గీతలాయన ఆ నెలంతా కంటినిండా నిద్రపోయాడు.

విజన్ అచ్చయి నోటీసుబోర్డు ఎక్కిన రోజు మధ్యాహ్నం, రెండో అంతస్తు మెట్లమీద అక్క గొంతు వినిపించింది.

“ఎక్కడా వాడు? ఎక్కడా గీతలు గీసేవాడు?”

వచ్చి బల్ల ముందు నిలబడింది. మెట్లెక్కిన ఆయాసంతో మాట రావడంలేదు. ఆయన కుర్చీ జరిపినా కూర్చోలేదు.

“బస్టాండు వద్దన్నావు, సరే. శ్మశానం పెడతావంట్రా, నా గుమ్మం ముందు?”

“అక్కా, అది...”

“యూనిఫారాలు కుట్టుకునేదాన్ని. చిన్నపిల్లలొచ్చి కొలతలిచ్చే చోటు. శ్మశానం పక్కకి ఏ తల్లి పంపుతుంది?”

అది ఉత్తుత్తిదేనని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. పక్క బల్లల మీద నలుగురూ పెన్నులు ఆపి వింటున్నారు. “అభ్యంతరం ఉంటే రాసివ్వండి, ముప్ఫై రోజుల గడువుంది” అని ఆఫీసు మాట ఒకటి నోట్లోంచి ఊడిపడింది. తన తమ్ముడు తనని ‘ఇవ్వండి’ అన్నాడని ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. గిర్రున తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయింది.

గడువు ముగిసేసరికి నాలుగొందల పన్నెండు అభ్యంతరాలు వచ్చాయి. అన్నీ ఆ శ్మశానం మీదే. మొదటి కాగితం మీద మొదటి సంతకం ఆమెది.

విచారణ రోజున మీటింగు హాలు కిక్కిరిసింది. ముందు వరసలో అక్క, బావ, పక్కన ఒళ్లో రెండేళ్ల పిల్లని పెట్టుకుని ఒక అమ్మాయి. ఆ అమ్మాయి అక్క పక్కవాటా గదిలో మూణ్ణెల్ల కిందటే అద్దెకు దిగింది, మొగుడు ఫ్యాక్టరీలో పని. గీతలాయన జనాభా లెక్క రెండు పేజీలు పట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. కమిషనరు ఊరి భవిష్యత్తు గురించి పావుగంట మాట్లాడి, “అభ్యంతరాలు చెప్పండి” అన్నాడు.

అక్క లేచింది. వీధిలో అంత గట్టిగా మాట్లాడే మనిషి మైకు ముందు మెల్లగా మొదలుపెట్టింది.

“అయ్యా, నేను చదువుకున్నదాన్ని కాదు. ఈ నక్షా గీసింది మా తమ్ముడే. చిన్నప్పుడు వాడికి నిద్రపట్టకపోతే మిషను తొక్కుతూ వాడి పక్కనే కూర్చునేదాన్ని. వాడు నా ఇంటిముందు శ్మశానం గీశాడు. ఎందుకు గీశాడో నాకు తెలీదు. ఏం తప్పు చేశానో కనుక్కుని చెప్పండి.”

హాలంతా గీతలాయన వైపు తిరిగింది. ఆయన ఆ రెండు పేజీలూ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

“అది శ్మశానం కాదండీ. అక్కడ శ్మశానం అవసరమే లేదు. మీరెవరూ అక్కడేమీ కట్టకూడదని నేనే అలా గీశాను. అది నీటిదారి. మిట్టమీది క్యాచ్‌మెంటు మొత్తానికి అదొక్కటే అవుట్‌లెట్. నూట పద్నాలుగు మీటర్ల కాంటూరు నుంచి నూటపది దాకా...”

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. హాల్లో సగంమంది మొదటి మాటకే చప్పట్లు కొట్టారు. శ్మశానం కాదట! కమిషనరు మొహం కూడా వికసించింది.

“అంటే శ్మశానం వద్దంటున్నారు. అయితే ఆ చోటు ఖాళీయేనన్నమాట.”

“ఖాళీ కాదండీ...”

“మరి ఏముంది అక్కడ?”

“ఏమీ లేదండీ.”

“అదే నేనూ అంటున్నా” అని కమిషనరు పక్కకి చూశాడు. రోడ్ల ఇంజనీరు అప్పటికే పాత పెన్సిలు నక్షా చంకలోంచి తీస్తున్నాడు. పది నిమిషాల్లో బస్టాండు తిరిగొచ్చింది. గీతలాయన మీద చర్య తీసుకునే సంగతి తర్వాత చూద్దామని, ఎవరైనా అభ్యంతరం వెనక్కి తీసుకోవాలన్నా, కొత్తది ఇవ్వాలన్నా సాయంత్రం అయిదులోపు పైన కౌంటర్లో ఇవ్వచ్చని చెప్పి కమిషనరు భోజనానికి లేచాడు. రెండేళ్లు కాచుకున్న చోటుని గీతలాయన నోటితో తనే తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టాడు.

బయట ఆఫీసు మెట్ల దగ్గర జనం సంబరంగా గుమిగూడారు. గీతలాయన తల దించుకుని వాళ్లని తప్పించుకుంటూ పోతుంటే అక్క అడ్డం వచ్చింది. ఆమె ఒక్కతే నవ్వడంలేదు.

“అయితే మరి నా మీద కోపంతో గీయలేదా?”

“నీ మీద కోపమేంటే? నీ ఇల్లు మునక్కుండా గీశాను.”

“నిజంగా మునుగుతుందా?”

“మునుగుతుంది. రెండేళ్లనుంచి నెత్తీనోరూ బాదుకుంటున్నానా లేదా?”

“ఎంతదాకా?”

“నూటపది పాయింట్ ...”

“నీ పాయింట్లు తగలెయ్య! ఎంతదాకా అంటున్నా. చూపించు.”

ఆయనకి చప్పున అర్థం కాలేదు. తర్వాత చెయ్యి చాచి, ఆమె పక్కన నేలమీంచి కొలుచుకుంటూ పైకి తెచ్చి, నడుముకి కాస్త పైన ఆపాడు.

“ఇంతదాకా. నీ గదిలో. గచ్చు మీదనుంచి.”

అక్క ఆ చేతివంక చూసింది. నాలుగు మిషన్ల ఎత్తూ, వెనక గదిలో మంచం ఎత్తూ ఆమెకి చూడకుండానే తెలుసు. మొహంలో రంగు మారింది.

“ఇదేదో రెండేళ్ల కిందట చెప్పచ్చుగా?”

“చెప్పానే...”

“ఏం చెప్పావు? కాంటూరన్నావు, ప్లింతన్నావు, నా మొహమన్నావు! ఒక్కరోజైనా మా ఇంట్లో నిలబడి, అక్కా, నీళ్లు నీకు ఇంతదాకా వస్తాయని చెయ్యి పెట్టి చూపించావా? శ్మశానం గీయడానికి తీరింది గానీ, దీనికి తీరలేదా?”

ప్రపంచంలో ఎవరికీ ఏమీ అర్థం కాదని విసుక్కుంటూ రెండేళ్లు గడిపాడు. అర్థమయ్యేలా చెప్పే పని తనదేనన్న ఆలోచన ఒక్క పూటైనా రాలేదు. అది తలుచుకుంటే సిగ్గేసింది.

అక్క ఆయన మణికట్టు పట్టుకుని గుంపు మధ్యలోకి లాక్కెళ్లింది. “ఇదిగో, వీళ్లందరికీ చూపించు.” పట్టీ చివర ఇళ్లవాళ్లంతా అక్కడే ఉన్నారు. పొడుగ్గా ఉన్న వడ్రంగి పక్కన నిలబెడితే గీతలాయన చెయ్యి తొడ దగ్గర ఆగింది. “ఇంతేనా, ఈత కొట్టేస్తా!” అని వడ్రంగి నవ్వాడు. పొట్టిగా ఉన్న పాల దుకాణం ఆవిడకి గుండెలదాకా వచ్చింది. “నాకే ఎక్కువెందుకొస్తాయంట?” అని ఆవిడ దెబ్బలాటకొచ్చింది. నలుగురూ పకపకా నవ్వారు. గీతలాయనకి మళ్లీ ఒళ్లు మండుతోంది. అయినా ఏమీ అనకుండా, ఒక్కొక్కరి పక్కకీ వెళ్లి, అదే ఎత్తులో చెయ్యి పెడుతూ పోయాడు.

అద్దెగది అమ్మాయి దగ్గరికొచ్చేసరికి ఆమె తన వంతు కోసం నిలబడలేదు. ఒళ్లో పిల్లని కిందికి దించి, చెప్పులు సరిచేసి, ఆయన పక్కన నిటారుగా నిలబెట్టింది.

“మరి దీనికో?”

గీతలాయన చెయ్యి కదల్లేదు. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. దానికింద, జానెడు దిగువన, పిల్ల నడినెత్తి ఉంది. పిల్ల తలెత్తి ఆ అరచేతిని అందుకోవాలని మునివేళ్లమీద లేచింది. అందలేదు.

నవ్వుతున్నవాళ్లు నవ్వడం ఆపేశారు. వడ్రంగి అటువైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఆ అమ్మాయి పిల్లని గభాల్న ఎత్తుకుని, గుండెకి అదుముకుంది.

“బస్టాండు వద్దని రాసివ్వాలంటే ఎక్కడికెళ్లాలి?”

“రెండో అంతస్తు” అన్నాడు గీతలాయన. “అయిదింటిదాకా తీసి ఉంటుంది.”

ఆమె మెట్లవైపు నడిచింది. ఆమె వెనక పాలావిడ, ఆవిడ వెనక బావ, ఆ వెనక ఇంకొందరు. కొందరు మాత్రం కదల్లేదు, బస్టాండు వస్తే బాగుంటుందనే గొణుక్కుంటున్నారు. వాళ్ల ఎదురుగా గీతలాయన ఇంకా చెయ్యి చాచే నిలబడి ఉన్నాడు. పిల్ల లేకపోయినా ఆ ఎత్తు తగ్గించడానికి ఆయనకి మనసు రాలేదు.

“చాల్లేరా, ఇక దించు” అని అక్క ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది. “పద, నాకు ఆ కాగితం రాసిపెట్టు. నీ పాయింట్లు లేకుండా.”